ఆదివారం ఉదయం ఒక గంట: పిల్లలతో మన చెరువు గట్టుకి, మన నది ఒడ్డుకి

పోయిన నెల ఒక సాయంత్రం మా అమ్మాయి సోషల్ ప్రాజెక్టు రాసుకుంటూ వంటింట్లోకి వచ్చింది. ఎనిమిదో తరగతి చదువుతోంది. "అమ్మా, మన ఏరియాలో నది ఏదైనా ఉందా?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే తనే అంది: "లేదులే. మూసారాంబాగ్ బ్రిడ్జి కింద ఆ పెద్ద నాలా ఒకటుంది, అంతే."

హాల్లో పేపర్ చదువుకుంటున్న మా మామయ్య తలెత్తి చూశారు. ఆయనది సూర్యాపేట దగ్గర పల్లె. మూసీ ప్రాజెక్టు కాలువ కింద మూడెకరాల పొలం ఉండేది. "అది నాలా గాదు బిడ్డా, మూసీ. మన పొలం తాగింది ఆ ఏటి నీళ్లే. మీ నాయన చదువు ఆ పొలం మీదనే అయింది" అన్నారు.

మా అమ్మాయి నమ్మలేదు. "ఆ నీళ్లా తాతా?" అని ముక్కు మూసుకుని నవ్వింది. మామయ్య మళ్లీ పేపర్లోకి తల దించుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. తప్పు పిల్లది కాదు. చైతన్యపురిలో మేము పదకొండేళ్లుగా ఉంటున్నాం. ఇంటి నుంచి నది ఒడ్డుకి నడిచి వెళ్తే ఇరవై నిమిషాలు పడుతుంది. ఈ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా తనని చేయి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లలేదు. వండర్లా చూపించాం, రామోజీ ఫిల్మ్ సిటీ చూపించాం, ఊటీ కూడా వెళ్లొచ్చాం. ఇంటి పక్కన ఉన్న నది పేరు మాత్రం చెప్పలేదు.

అందుకే ఈ పేజీ చదివే తల్లిదండ్రులందరికీ ఒక మాట చెప్పాలనిపించింది. వారానికి ఒక్క గంట, ఆదివారం ఉదయం, పిల్లలతో కలిసి మన పేటలోనే నడుద్దాం. కారు తీయక్కర్లేదు, టికెట్ కొనక్కర్లేదు, మెంబర్‌షిప్ అక్కర్లేదు. చెప్పులకు బదులు బూట్లు వేసుకుంటే చాలు.

పిల్లల కాళ్లకి పని ఎక్కడుంది?

ఒకసారి మన పిల్లల రోజు లెక్క వేయండి. ఇంటి గుమ్మం నుంచి లిఫ్ట్, లిఫ్ట్ నుంచి స్కూల్ బస్సు, బస్సు నుంచి క్లాసు. సాయంత్రం మళ్లీ బస్సు, ట్యూషన్‌కి నాన్న బండి, తర్వాత స్టడీ టేబుల్. మా అమ్మాయి ఒక రోజులో ఎంత నడుస్తుందో చూద్దామని నా ఫోన్ తన బ్యాగులో పెట్టి పంపాను (టీచర్ గారికి ముందే చెప్పాను లెండి). మా మామయ్య పాల ప్యాకెట్టుకీ పూలకీ వెళ్లొచ్చేసరికి వేసే అడుగుల్లో సగం కూడా పిల్ల రోజంతా వేయలేదు. ఆయనకి డెబ్బై మూడు, తనకి పదమూడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచే పని లేదా ఆట ఉండాలి. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు. మన ఇళ్లలో ఈ రెండు లెక్కలూ తప్పుతున్నాయని చెప్పడానికి సర్వే ఏదీ అక్కర్లేదు.

కళ్లద్దాల సంగతి కూడా చూడండి. మా అమ్మాయి క్లాసు ఫోటోలో సగం మందికి అద్దాలున్నాయి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లల మీద మూడేళ్ల పాటు ఒక ప్రయోగం జరిగింది. ఫలితాలు 2015లో వచ్చాయి. కొన్ని బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపించారు. మిగిలిన బడుల్లో మామూలుగా వదిలేశారు. మూడేళ్ల తర్వాత చూస్తే మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా దూరపు చూపు తగ్గే సమస్య వచ్చింది. ఆరుబయట గడిపిన పిల్లల్లో అది 30.4 శాతం. తైవాన్ ప్రభుత్వం 2010 నుంచే పిల్లలు రోజుకి 120 నిమిషాలు బయట వెలుతురులో ఉండాలని బడులకి చెబుతోంది. అక్కడా చదువుల పోటీ మన దగ్గరలాంటిదే.

వారానికి ఒక్క గంట నడిస్తే ఈ లెక్కలన్నీ సరిపోతాయని నేను అనడం లేదు. సరిపోవు. కానీ ఆ ఒక్క గంట మొదలైతే మిగిలిన రోజుల్లో కూడా "కూరగాయలకి నేనూ వస్తా" అనే పిల్లలు తయారవుతారు. మా ఇంట్లో అదే జరిగింది.

"ఇక్కడ నడవడానికి చోటేదండీ?"

పీటీఎంలో ఈ మాట ఎత్తితే ముందుగా వచ్చే జవాబు ఇదే. నిజమే, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఫుట్‌పాత్ ఉన్న చోట బండ్లు ఉంటాయి, బండ్లు లేని చోట ఫుట్‌పాత్ ఉండదు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్లూ అండర్‌పాస్‌లూ వచ్చాక కార్లకి దారి సులువైంది కానీ కాలినడకన రోడ్డు దాటాలంటే ఇప్పటికీ దేవుణ్ని తలుచుకోవాలి. కానీ మెయిన్ రోడ్డు వదిలి రెండు వీధులు లోపలికి వెళ్తే మన వైపు కూడా మంచి చోట్లున్నాయి. మేము వెళ్లొచ్చిన నాలుగు చోట్ల గురించి చెబుతాను.

మొదటిది సరూర్‌నగర్ చెరువు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే. పక్కనే ప్రియదర్శిని పార్కు ఉంది. నడక మొదలుపెట్టేవాళ్లకి, చిన్నపిల్లలున్న వాళ్లకి ఇదే తేలిక. చెరువు 17వ శతాబ్దం నాటిది. మన పిల్లలకి ఇది వినాయక నిమజ్జనం రోజు క్రేన్లు నిలబడే చోటుగానే తెలుసు. మామూలు ఉదయం వెళ్లి చూడండి. గుర్రపుడెక్క మీద ఒంటికాలితో నిలబడ్డ కొంగలు కనిపిస్తాయి.

అక్కడే పిల్లలకి ఒక లెక్క కూడా చెప్పొచ్చు. 2020 అక్టోబరులో కురిసిన వానకి ఈ చెరువు చుట్టుపక్కల కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మన పిల్లల్లో చాలామంది ఇళ్లలో గ్రౌండ్ ఫ్లోర్ మునిగింది. ఆ నీళ్లు ఆకాశం నుంచి నేరుగా మన వీధిలో పడినవే కావు. మీర్‌పేట వైపు ఎగువ చెరువులు నిండి, ఒకదాని నుంచి మరొకటిగా పొంగుతూ వచ్చినవి కూడా. గొలుసుకట్టు చెరువులు అనే మాట పిల్లలు పుస్తకంలో చదువుతారు. ఆ గొలుసులో ఒక కడియం ఎలా ఉంటుందో గట్టు మీద నిలబడి చూపిస్తే ఆ పాఠం మర్చిపోరు. నీళ్లు వచ్చే దారిలో ఇల్లు కడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

రెండోది, మూసారాంబాగ్ పేరు ఎలా వచ్చిందో చెప్పే చోటు. నిజాం దగ్గర సేనానిగా పనిచేసిన ఫ్రెంచి వాడు రేమండ్. 1798లో చనిపోయాడు. జనం నోట్లో 'మాన్షియర్ రేమండ్' కాస్తా 'మూసా రామ్' అయింది. ముస్లింలకు మూసాగా, హిందువులకు రామ్‌గా ఆయన ఇద్దరికీ చుట్టమయ్యాడు. ఆ పేరు మీదే మూసారాంబాగ్. ఆయన సమాధి మలక్‌పేట పక్కన ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. పెద్దగా ఎక్కే పని లేదు. రోజూ మెట్రోలో ఆ స్టేషన్ పేరు వింటూ వెళ్లే పిల్లలకి దాని వెనక ఒక మనిషి ఉన్నాడని తెలిస్తే ఎంత సరదా పడతారో చూడండి. మా అమ్మాయి ఆ రోజు నుంచి ప్రతి స్టేషన్ పేరుకీ కథ అడుగుతోంది. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ పేరు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో విక్టోరియా రాణి జ్ఞాపకంగా అనాథ పిల్లల కోసం ఏర్పడిన హోమ్ నుంచి వచ్చింది. చైతన్యపురి దగ్గర ఏముందో అడిగినప్పుడు మాత్రం నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. అదే మూడో నడక.

చైతన్యపురి నుంచి మూసీ వైపు దిగితే ఫణిగిరి కాలనీ వస్తుంది. అక్కడ నది ఒడ్డున కొండరాళ్ల మధ్య కొసగుండ్ల లక్ష్మీనరసింహ స్వామి గుడి ఉంది. అక్కడి బండ మీద ఒక శాసనం చెక్కి ఉంది. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. విష్ణుకుండినుల కాలానిది, అంటే సుమారు 1,500 ఏళ్ల నాటిది. అందులో గోవిందరాజ విహారం అనే బౌద్ధ విహారం ప్రస్తావన ఉంది. చార్మినార్ కట్టింది 1591లో. దానికి వెయ్యేళ్లకు పైగా ముందే, ఇవాళ మనం ఈఎంఐలు కడుతున్న ఈ కాలనీల పక్కనే, ఈ నది ఒడ్డునే భిక్షువులు ఉండేవాళ్లన్నమాట. హైదరాబాద్ చరిత్ర అనగానే పాతబస్తీ వైపు చూస్తాం. మన వీధి చివర ఉన్నది మనకే తెలియదు.

మా మామయ్య ఆ బండ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. అక్షరాలు చదవడం మాకెవరికీ రాదు. మా అమ్మాయి వంగి, ముట్టుకోకుండా, ఒక్కో గీతనీ నోట్‌బుక్‌లో వేసుకుంది. తర్వాత నది వైపు తిరిగి, "తాతా, వాళ్లు ఈ నీళ్లే తాగేవాళ్లా?" అని అడిగింది. ఈసారి ముక్కు మూసుకోలేదు. ఆయన "తాగేటోళ్లే బిడ్డా. మా చిన్నప్పుడు మా ఊర్ల మేము గూడ తాగినం" అన్నారు.

నాలుగోది ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు ఉండేవాళ్లకి దగ్గర. విజయవాడ హైవే పక్కన ఉన్న మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాముల వేట స్థలం. మహావీరుడి నిర్వాణానికి 2,500 ఏళ్లు నిండిన సందర్భంగా 1975లో ఈ పేరు పెట్టారు. 1994 నుంచి జాతీయ పార్కు. సుమారు 14.6 చదరపు కిలోమీటర్లు. కృష్ణజింకలు ఇక్కడి ప్రత్యేకత. మగవాటి ఒళ్లు నల్లగా, కొమ్ములు మెలి తిరిగి ఉంటాయి. ఆడవి లేత గోధుమ రంగు. (పిల్లలకి ఒక క్విజ్: తెలంగాణ రాష్ట్ర జంతువు కృష్ణజింక కాదు. మరి ఏది? జవాబు: చుక్కల జింక.) లోపల నిశ్శబ్దంగా నడిస్తే నెమళ్లు కూడా కనిపిస్తాయి. బయట లారీల హారన్ వినిపిస్తూనే ఉంటుంది, లోపల జింక గడ్డి మేస్తూనే ఉంటుంది. లోపలికి అనుమతించే వేళలు ముందే కనుక్కుని వెళ్లండి. తినుబండారాల ప్యాకెట్లు ఇంట్లోనే వదిలేయండి.

మూసీ సంగతి దాచకుండా చెబుదాం

నది ఒడ్డు నడక అంటే ఏదో సినిమా పాటలా ఉంటుందని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. వాసన ఉంటుంది. నురగ ఉంటుంది. ప్లాస్టిక్ ఉంటుంది. ఎండాకాలంలో ముక్కుకి గుడ్డ కట్టుకోవాల్సిన చోట్లున్నాయి. అందుకే "అలాంటి చోటుకి పిల్లల్ని ఎందుకు తీసుకెళ్లడం?" అని మా ఆయనే అన్నారు.

నా జవాబు ఇది. ఆ మురుగులో మన వాటా ఉంది. మన బాత్రూం నీళ్లు ఎక్కడికి పోతాయో పిల్లలకి తెలియాలి. మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో శుభ్రంగానే పుడుతుంది. మన నగరం దాటి, నల్గొండ వైపు పొలాల్ని తడుపుతూ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మన వైపు చాలా కుటుంబాలు ఆ నల్గొండ, సూర్యాపేట ఊళ్ల నుంచి వచ్చినవే. ఎల్బీనగర్ అంటేనే ఆ బస్సులు ఆగే చోటు కదా. అంటే ఇక్కడ మనం వదిలింది అక్కడ మన మేనమామల పొలాలకి చేరుతోంది. ఈ ఒక్క విషయం మా అమ్మాయికి అర్థం కావడానికి పది నిమిషాలు చాలింది. గట్టు మీద నిలబడి ఉంది కాబట్టి.

ఈ నదికి కోపం వచ్చిన రోజు కూడా ఉంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆ జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసారాంబాగ్ దగ్గర రాకపోకలు ఆపేసిన రోజులున్నాయి, అప్పుడు మన స్కూల్ బస్సులు చుట్టు తిరిగి వచ్చేవి. బస్సు ఆలస్యమైందని మనం వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు పెడతాం. వందేళ్ల నాటి కథ అలా మన మధ్యాహ్నం లంచ్ బాక్సు దాకా వస్తుంది.

ఇంకో మాట. నది ఒడ్డున మనుషులుంటారు. 2024లో మూసీ ఒడ్డు ఇళ్లకి గుర్తులు వేసినప్పుడు చైతన్యపురి, మూసారాంబాగ్ వైపు కుటుంబాలు రోడ్డు మీదికి వచ్చి బాధపడ్డాయి. ఎవరిది న్యాయం అనేది ఇక్కడ నేను తేల్చలేను. కానీ నది బాగుపడాలని కోరుకునే మన పిల్లలకి ఆ ఇళ్లలోనూ తమ వయసు పిల్లలున్నారని, వాళ్లకీ పరీక్షలున్నాయని తెలియాలి. అక్కడ నడిచేటప్పుడు ఎవరి ఇంటి ముందూ ఫోన్ తీసి ఫోటోలు కొట్టొద్దని మా అమ్మాయికి ముందే చెప్పాను. మన గుమ్మం ముందు ఎవరైనా అలా చేస్తే మనం ఊరుకుంటామా?

నడకలో దొరికిన మాట

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాను.

మూడో ఆదివారం. చెరువు గట్టు మీద నేనూ అమ్మాయీ ముందు నడుస్తున్నాం. మామయ్య వెనక నెమ్మదిగా వస్తున్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోవడం లేదు, ముందుకే చూస్తున్నాం. ఏ ముందుమాటా లేకుండా తను అంది: "అమ్మా, నన్ను సెక్షన్ మార్చారు. పది రోజులైంది."

నా కాళ్లు ఆగిపోయాయి. యాప్‌లో మెసేజ్ వచ్చిందట. ఆఫీసు హడావిడిలో నేను చూడలేదు. తను చెప్పలేదు. పది రోజులుగా కొత్త క్లాసులో ఒంటరిగా కూర్చుని, ఇంటికొచ్చి మామూలుగా అన్నం తిని, హోంవర్క్ చేసుకుని పడుకుంటోంది. రోజూ సాయంత్రం నేను అడిగేది ఒకటే: "ఇవాళ టెస్ట్ ఎలా రాశావు?" దానికి జవాబు "బాగానే." అంతటితో మా మాటలు అయిపోయేవి.

"ఎందుకు చెప్పలేదురా?" అంటే, "నువ్వు మొహం ఒకలాగా పెడతావు" అంది.

అది నిజం. ఆ క్షణంలో కూడా నా మొహం ఎలా ఉందో నాకే తెలియదు. పక్కపక్కన నడుస్తున్నాం కాబట్టి తనకి కనిపించలేదు. అదే మేలైంది. ఏదో సమాధానం చెప్పబోయి ఆగాను. ఇంకో చుట్టు తిరిగాం. ఆ చుట్టులో తను చాలా చెప్పింది: పాత సెక్షన్‌లో ఉన్న స్నేహితురాలు ఇప్పుడు లంచ్‌కి రావడం లేదని, మ్యాథ్స్‌లో ఒక చాప్టర్ మొదటి నుంచీ అర్థం కాలేదని, అడగడానికి సిగ్గేసిందని. ఇంటికొచ్చాక మేము క్లాస్ టీచర్ గారిని కలిశాం. ఆవిడ ఓపిగ్గా విన్నారు, ఆ చాప్టర్ మళ్లీ చెప్పించే ఏర్పాటు చేశారు. సెక్షన్ మారలేదు. మారాలని మేమూ అడగలేదు. పిల్ల మాత్రం ఇప్పుడు రాత్రుళ్లు హాయిగా నిద్రపోతోంది.

పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుని అడిగితే పిల్లలకి అది వైవాలా అనిపిస్తుంది. పక్కన నడుస్తుంటే అలా ఉండదు. పూర్వం పొలం గట్టు మీద, బావి దగ్గరికి, జాతరకి నడిచేటప్పుడు మన అమ్మమ్మలూ తాతయ్యలూ పిల్లల దగ్గర అన్ని కబుర్లూ అలాగే రాబట్టేవారు. మనం ఆ దారులన్నీ మూసేసి, పిల్లలు ఏమీ చెప్పడం లేదని కౌన్సెలర్‌ని వెతుక్కుంటున్నాం.

అందుకే మా ఇంట్లో నడకకి రెండే నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, మార్కుల మాట ఎత్తకూడదు. రెండు, ఫోన్ జేబులోంచి తీయకూడదు. రెండోది తప్పింది ఎక్కువగా మా ఆయనే.

అడగదలచుకున్నవి

"ఆదివారం పొద్దున్న వీకెండ్ టెస్ట్ ఉంటుంది కదండీ?" అని మీరు అనొచ్చు. ఉంటుంది. పెద్ద తరగతులకి స్టడీ అవర్ కూడా ఉంటుంది. మేము ఈ నడకలు టెస్ట్ లేని ఆదివారాల్లోనూ, ఉన్న రోజు తెల్లవారుజామునా సర్దుకున్నాం. అందరికీ అలా కుదరదు. అందుకే మేనేజ్‌మెంట్ వారికి ఈ పేజీ ద్వారా మర్యాదగా ఒక విన్నపం. నెలకి కనీసం ఒక ఆదివారం ఉదయం ఏ టెస్టూ, ఏ స్టడీ అవరూ, ఏ ఒలింపియాడ్ క్లాసూ లేకుండా వదిలేయండి. ముందే క్యాలెండర్‌లో వేయండి. ఆ రోజు పిల్లలు ఎక్కడికి వెళ్లారో రాసుకు రమ్మనకండి. ఫోటోలు అప్‌లోడ్ చేయమనకండి. దానికి ఐదు మార్కులు పెడితే ఆ నడక కూడా హోంవర్క్ అయిపోతుంది, చివరికి అమ్మలమే చార్టు మీద చెరువు బొమ్మ వేసుకోవాల్సి వస్తుంది.

తోటి తల్లిదండ్రులు అడిగే మిగతా సందేహాలకి నాకు తోచిన జవాబులు ఇవి. వీధి కుక్కల భయం ఉంటే రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లండి. చిన్నపిల్లల్ని నీళ్ల వైపు కాకుండా లోపలి వైపు నడిపించండి. వాన పడిన రోజుల్లో, జలాశయాల గేట్లు ఎత్తిన రోజుల్లో నది వైపు అసలు వెళ్లొద్దు. వరద చూపించడానికి కూడా వద్దు. నాన్నకి షాపు ఉండి ఆదివారం కుదరదంటే ఏ రోజు కుదిరితే ఆ రోజే ఆదివారం అనుకోండి. తిరిగొచ్చేటప్పుడు సరూర్‌నగర్ రైతు బజార్‌లో పిల్లల చేతే కూరగాయలు బేరం చేయించండి. అది ఏ అబాకస్ క్లాసుకీ తీసిపోదు.

ఇక చదువు పోతుందనే భయం. అది నాకూ ఉంది, అబద్ధం చెప్పను. మన పేటలో ఏ గోడ చూసినా ర్యాంకులే. గ్రూప్స్ కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉండి చదువుతుంటే, మన పిల్లని గట్టు మీద తిప్పడం తప్పేమో అనిపిస్తుంది. కానీ ఒక వారంలో 168 గంటలు. అందులో ఒక్కటి అడుగుతున్నాను. ఆ ఒక్క గంటతో పోయే ర్యాంకు ఏదైనా ఉంటే, అది మిగతా 167 గంటల్లో నిలిచేది కూడా కాదు.

చెరువులకీ ఇది అవసరమే. ఎవరూ వెళ్లని గట్టు మీదికి మట్టి లారీలు వస్తాయి. పిల్లలతో కుటుంబాలు రోజూ తిరిగే గట్టు మీద చెత్త పోయాలంటే ఎవరైనా వెనకాడతారు. లైటు వెలగకపోతే ఫిర్యాదు చేసేది అక్కడ నడిచేవాళ్లే.

దిల్‌సుఖ్ అంటే మనసుకి సుఖం అని అర్థం. అలాంటి పేరున్న ఊళ్లో ఉంటూ మన పిల్లలకి ట్రాఫిక్ తప్ప ఏమీ చూపించకపోతే ఎలా?

ఇది కార్తీక మాసం. వనభోజనాలని మనం ఎక్కడెక్కడి ఫామ్‌హౌస్‌లకో వెళ్తాం. ఈసారి ఒక టిఫిన్ డబ్బాలో పులిహోర పెట్టుకుని దగ్గరలోని పార్కులో ఉసిరి చెట్టు ఎక్కడుందో పిల్లలతో వెతికించండి. దొరికితే సరే. దొరక్కపోతే వేప చెట్టు కింద తిన్నా దేవుడు ఏమీ అనుకోడు.

వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకి మేము సరూర్‌నగర్ చెరువు దగ్గర ప్రియదర్శిని పార్కు గేటు వద్ద ఉంటాం. మా మామయ్య కూడా వస్తారు, మూసీ కథలు అడిగితే చాలా చెబుతారు. రావాలనుకునే వాళ్లు పిల్లల డైరీలో ఒక ముక్క రాసి క్లాస్ టీచర్ గారికి పంపండి. రాయడం కుదరకపోయినా వచ్చేయండి.

అన్నట్టు, ఆ సోషల్ ప్రాజెక్టు సంగతి. "మీ ప్రాంతంలోని నది" అనే ప్రశ్న దగ్గర మా అమ్మాయి 'మూసీ' అని రాసింది. దాని కింద ఉపయోగాలు అన్న చోట మొదటి పాయింటుగా "మా తాత పొలానికి నీళ్లు ఇచ్చింది" అని రాసింది. గైడులో ఆ పాయింటు లేదు. టీచర్ గారు టిక్ పెట్టారు.